గడ్డ మీది నర్సమ్మ గది

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఫోను మోగింది. చూస్తే మా అత్తగారి ఊరి వాట్సాప్ గ్రూపులో ఇప్పటి సర్పంచి పెట్టిన ప్రశ్న. ఈ ఏడు సర్కారు ఇచ్చే నిధులతో ఏ పని ముందు చేపట్టాలో ఊరివాళ్లందరూ వేలితో నొక్కి చెప్పాలట. లోపలి వీధికి సిమెంటు రోడ్డు కావాలా, ఏటి ఒడ్డున పార్కు కావాలా, లేక వాడకంలో లేని పాత నర్సు గదిని తీసేసి ఆ జాగాలో ఓపెన్ జిమ్ము పెట్టాలా అని అడిగాడు. ఆ మూడో మాట చదవగానే రెండో చెప్పు విప్పడం కూడా మరిచిపోయాను. ఆ గది గోడలు లేచింది నా కళ్లముందే, ఆ గది కోసం చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇప్పటి పిల్లలకు అది తలుపు ఊడిన పాత కొట్టం, వాళ్లకు తెలియకపోవడంలో తప్పేమీ లేదు. అందుకే మనలాంటివాళ్లం కూర్చుని చెప్పుకోవాలి మరి.

గోదావరి మా వైపు ఒకచోట రెండు పాయలుగా చీలి, కొంతదూరం పోయాక మళ్లీ కలుస్తుంది. ఆ మధ్యలో మిగిలిన నేల మీద ఉన్న చిన్న ఊరు మాది, చుట్టుపక్కలవాళ్లు దాన్ని గడ్డ అనే పిలిచేవారు. ఎండాకాలంలో సన్నపాయను మోకాలిలోతు నీళ్లలో నడిచి దాటేవాళ్లం గానీ, మగవాళ్లు గనిపనికి పోయే బొగ్గుబాయి ఉన్నది పెద్దపాయకు అవతల, అటు వెళ్లాలంటే ఏ కాలమైనా పడవే దిక్కు. నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్లో, నల్లా తిప్పితే నీళ్లు, మలుపు తిరిగితే దవాఖాన. అలాంటి దాన్ని పెళ్లయి మొదటిసారి ఆ పడవెక్కినప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని మా ఆయన చెయ్యి పట్టుకుంటే, పడవలో ఉన్నవాళ్లంతా ఒడ్డు చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు.

గడ్డ మీది మగవాళ్లంతా ఒకే బాయిలో పనిచేసేవారు, అదీ ఒకే షిఫ్టులో. ఉన్నది ఒక్క పడవే కాబట్టి అందరూ కలిసి పోయి కలిసి రావాలని పెద్దవాళ్లు కంపెనీని బతిమాలి అలా వేయించుకున్నారు. వారం మారితే షిఫ్టు మారేది, షిఫ్టుతో పాటు మా వంటలూ, పిల్లల నిద్రలూ, ఊరి అరుగుల మీద కబుర్లూ అన్నీ మారేవి.

మా మామగారు బాయి నుంచి దిగిపోయి, అంటే రిటైరై, అప్పటికి కొన్నేళ్లయింది, ఊరి సర్పంచిగా ఉండేవాడు. మనిషి వెన్న, కానీ షిఫ్టుల విషయంలో మాత్రం తనకు తెలియనిది లేదనే పట్టుదల. కోడిగుడ్లు పిల్లలయ్యే రోజు కూడా ఫలానా షిఫ్టు వారంలో అని చెప్పేవాడు. ఇంట్లో గడియారం ఆగిపోతే ఎవరూ పట్టించుకునేవారు కాదు, ఆయనున్నాడు కదా అని.

ఏటా మండలం నుంచి ఆఫీసరు పడవెక్కి వచ్చి గ్రామసభ పెట్టేవాడు. సర్కారు పైసలతో గడ్డకు ఏ పని ముందు కావాలో సభలో ఉన్నవాళ్లు చేతులెత్తి చెప్పాలి, ఎక్కువ చేతులు లేచిన పనే ఆ సంవత్సరానికి పైకి పోతుంది. మగవాళ్లు ఏటా వంతెనకు చెయ్యెత్తేవారు, పైనుంచి ఏటా పరిశీలనలో ఉందనే జవాబు వచ్చేది. వంతెన ఎవరికి వద్దు? కానీ ఆడవాళ్ల మనసులో ఇంకో పని ఉండేది. కాన్పులు చేసే సర్కారు నర్సును నర్సమ్మ అనేవాళ్లం, ఆమె అవతలి ఒడ్డున ఉండేది, ఏరు ఒప్పుకుంటేనే ఇటు వచ్చేది. ఆమె ఇక్కడే కాపురముండేలా ఒక గది, ఆ గదిలోనే కాన్పుల మంచం, మందుల బీరువా ఉంటే చాలని మా ఆశ. ఆ మాట చేదబావి దగ్గర ఎంత గట్టిగా అనుకున్నా, సభ దాకా వచ్చేసరికి మగవాళ్ల వెనక వరుసలో కూర్చున్న మా గొంతులు లేచేవి కావు.

నేను చెప్పబోయే సభకు ముందటి వానాకాలంలోనే, నేను అక్కా అని పిలిచే మా తోటికోడలు ఏటి నడిమధ్య, పడవలోనే కన్నది. పడవ నడిపే కాక గడ ఒక చేత్తో పట్టుకుని, ముఖం అటు తిప్పుకుని, దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తూ ఏడ్చాడట. బిడ్డ బంగారంలా ఉన్నాడు, ఊరంతా వాణ్ని పడవోడనే పిలిచేది. మా అక్క ఆ కథ చెబుతూ తనే పడీ పడీ నవ్వేది. నేను మాత్రం ఆ ఏడు నవ్వలేకపోయాను. నాకు రెండో కాన్పు, సరిగ్గా ఏరు నిండే రోజుల్లో వచ్చేలా ఉంది. మొదటిది మా అమ్మ చేతుల మీదుగా ఖనిలో జరిగింది. ఈసారికి అమ్మ లేదు, నాన్న రిటైరై క్వార్టరు అప్పగించి మన గోదావరి ఒడ్డు జైపూర్ వైపు అన్నయ్య ఇంటికి చేరాడు. పడవెక్కితేనే కళ్లు మూసుకునేదాన్ని, నొప్పులు పడుతూ అందులో ఎలా కూర్చుంటానో తలచుకుంటే ముద్ద దిగేది కాదు. ఎవరికీ చెప్పలేదు గానీ మా అత్తమ్మ కనిపెట్టింది.

ఇక అసలు సంగతికి వస్తాను. సభ వచ్చే బుధవారం, కొత్త షిఫ్టు మొదలయ్యే రోజున, సాయంత్రం నాలుగింటికి అని మామగారు ఖాయం చేశాడు. అప్పుడు మగవాళ్లది రాత్రి షిఫ్టు నడుస్తోంది. రాత్రి షిఫ్టు అయిపోయాక మొదటి షిఫ్టు వస్తుంది, మూడింటికి బాయి నుంచి పైకొచ్చి నాలుగింటికల్లా అందరూ సభలో ఉంటారని ఆయన లెక్క. చాటింపు వేయించమని డప్పు కాకకు చెప్పాడు. మన బొగ్గుబాయి ఊళ్లలో ఒక మర్యాద ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మనిషి వాకిట్లో డప్పు మోగించరు. డప్పు కాక ఊరి మొదట్లో నాలుగు దెబ్బలు వేసి, ఆ తర్వాత డప్పును చంకలో పెట్టుకుని ఇంటింటికీ వచ్చి, గుమ్మంలో ఉన్న ఆడవాళ్లకు మెల్లగా సంగతి చెప్పి పోయేవాడు. మొగోళ్లు లేచినంక చెప్పుండ్రి అనేవాడు.

అలా ఆ కబురు ఆడవాళ్ల చెవినే పడింది. ఇక్కడే ఉంది తమాషా. మామగారు దిగిపోయాక, ఈ మధ్యనే, బాయిలో షిఫ్టుల వరుస మారింది. రాత్రి షిఫ్టు తర్వాత ఇప్పుడు వచ్చేది రెండో షిఫ్టు, అంటే సభ జరిగే వేళకు మగవాళ్లంతా భూమి కింద ఉంటారు. ఆ సంగతి అన్నం క్యారియర్లు కట్టే మాకు తెలియదా? ఆ పొద్దు చేదబావి దగ్గర ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా అక్క పెదవి కొరుక్కుంది, పక్కింటి అవ్వ చేద వదిలేసి కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు బిందె ఎత్తుకుని ఇంటికి నడిచింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. మగవాళ్లు లేచాక వాళ్లకు చెప్పడం కూడా చిత్రంగా అందరం మరిచిపోయాం. పొద్దుగూకగానే పడుకునే మామగారికి, ఆ వేళకే డ్యూటీకి తయారయ్యే కొడుకులకు ఆ వారం మాటలు కలిసే తీరిక దొరకలేదు.

బుధవారం పొద్దున్నుంచీ మామగారు బడి దగ్గర సభ ఏర్పాట్లలోనే మునిగిపోయాడు, మధ్యాహ్నం దాటాక ఆఫీసరు వచ్చాడు. బడి ముందు వేపచెట్టు కింద బల్ల వేశారు, మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. ఎదురుగా చూస్తే ఇద్దరు ముగ్గురు పింఛనీ ముసలివాళ్లు, బడిపంతులు, ఆ వెనక గడ్డ మీది ఆడవాళ్లందరూ, చంటిపిల్లలతో సహా. అత్తమ్మ అందరికంటే ముందు వరుసలో కూర్చుంది.

"మొగోళ్లు ఏరి?" అన్నాడు మామగారు.

"డ్యూటీకి పోయిండ్రు. రెండో షిఫ్టు గదా," అంది అత్తమ్మ.

"రాత్రి షిఫ్టు అయినంక మొదటి షిఫ్టే వస్తది."

"నువ్వు దిగిపోయినంక ఆ వరుస మారింది."

"మరి నాకెందుకు చెప్పలె?"

"నువ్వు అడిగినవా?"

మామగారు ఆఫీసరు వైపు తిరిగాడు. ఇంకో రోజు పెట్టుకుందామా అని ఆఫీసరును మెల్లగా అడిగితే, ఆయన ఏటి వైపు చూసి, మళ్లీ పడవెక్కి రావడం తన వల్ల కాదని, సభకు వచ్చినవాళ్లే సభ అని తేల్చేశాడు. వంతెనే రాసుకోమంటారా అని అలవాటు కొద్దీ కలం తీశాడు. అప్పుడు అత్తమ్మ లేచి నిలబడింది. అంతకుముందు ఆమె సభలో మాట్లాడగా ఎవరూ వినలేదు.

"వంతెన వద్దంటలేము సారూ. వంతెన వచ్చేదాక కాన్పులు ఆగయి గదా. ముందుగాల నర్సమ్మకు గది కట్టుండ్రి."

కావాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు ఆఫీసరు. మామగారి ముందు గట్టిగా దగ్గడానికి కూడా జంకే కోడలిని నేను, కానీ నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలియదు. పక్కకు చూస్తే గాజులు మోచేతుల దాకా జారిన చేతులే అన్నీ. మా అక్క తన చెయ్యితో పాటు పడవోడి చెయ్యి కూడా పట్టి ఎత్తింది. ఆ ఓటు చెల్లదమ్మా అన్నాడు ఆఫీసరు, సభ అంతా ఘొల్లుమంది. చివరికి మామగారు మీసం సవరించుకుని, మా వైపు, ముఖ్యంగా నా వైపు ఒకసారి చూసి, తనూ చెయ్యెత్తాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఇవాళ్టికీ తగ్గలేదు.

మగవాళ్లు సంగతి తెలిసి మర్నాడంతా ముఖాలు మాడ్చుకున్నారు. మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు, కానీ క్యారియర్ కట్టే చేతులతో ఎవరు మాత్రం ఎంతకాలం పెట్టుకుంటారు! సిమెంటు బస్తాలు, ఇనుప సలాకలు పడవలో వస్తుంటే, గొణుక్కుంటూనే వాళ్లే మోశారు. స్లాబు ఆరాక ఇంకో తమాషా జరిగింది. బాయిలో కప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో కొట్టి చప్పుడు విని చెబుతారు కదా, ఆ అలవాటు కొద్దీ గడ్డ మీది మగవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు గదిలోకి వచ్చి, పైకప్పును కర్రతో తట్టి, చెవి పెట్టి విని, తలాడించి వెళ్లారు. మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. ఆ గదిలో కాపురం పెట్టిన నర్సమ్మ కోస్తా నుంచి వచ్చిన మనిషి, మా గడ్డను లంక అనేది, ఏరు చూసి భయపడని ఆడమనిషిని నేను మొదట ఆమెలోనే చూశాను. అప్పటి నుంచి ఇంట్లో ఆడవాళ్ల మాట నెగ్గిందంటే చాలు, నోటితో చెప్పకుండా చెయ్యెత్తి చూపడం గడ్డ మీద అలవాటైపోయింది.

వానలు పడ్డాయి. పెద్దపాయ ఎర్రగా పొంగి పడవ ఆగిపోయిన పూట, మగవాళ్లు డ్యూటీ నుంచి వచ్చి అవతలి ఒడ్డునే చిక్కుకుపోయారు, వాళ్లలో మా ఆయనా ఉన్నాడు. ఆ తెల్లవారుజామునే నర్సమ్మ గదిలో, మంచం మీద, నా తల అత్తమ్మ ఒడిలో ఉండగా, నాకు ఆడపిల్ల పుట్టింది. నేను ఆడపిల్లనే కోరుకున్నానని మా ఆయనకు తెలుసు. కబురు ఎలా పంపాలి? ఏటి హోరులో ఎంత అరిచినా అవతలికి వినబడదు. తెల్లగా తెల్లవారాక అత్తమ్మ ఊళ్లోని ఆడవాళ్లందరినీ ఒడ్డుకు తీసుకుపోయి వరుసగా నిలబెట్టి చేతులెత్తించిందట. అవతల మగవాళ్లు కాసేపు బిత్తరపోయి చూశారట, నా మాటే నెగ్గిందని, ఆడపిల్లేనని ముందుగా అర్థమైంది మా ఆయనకే. ఆయన చెయ్యెత్తాడట, ఆయన్ని చూసి మిగతావాళ్లంతా ఎత్తారట. మధ్యలో ఏరు, ఇటూ అటూ లేచిన చేతులు. గదిలో పడుకుని ఉన్న నేను దాన్ని కళ్లారా చూడలేదు, కానీ ఎంతమంది ఎన్నిసార్లు చెప్పారో, చూసినట్టే ఉంటుంది.

తర్వాత కొన్నేళ్లకు వంతెన వచ్చింది. మంచిదే, ఎంత మంచిదో చెప్పలేను. ఆ గదిలో పుట్టిన మా బిడ్డ తన కాన్పుకు నిశ్చింతగా కారులో కరీంనగర్ వెళ్లింది. షేరాటోలు ఇప్పుడు ఏటి మీద ఆగకుండా దాటిపోతాయి, పడవ రేవు తుమ్మలతో నిండిపోయింది. కానీ వేలితో నొక్కే ఈ కొత్త సభలో పక్కవాళ్ల ముఖం కనబడదు, ఎవరు పెదవి కొరుక్కున్నారో, ఎవరు కొంగు నోట్లో కుక్కుకున్నారో తెలియదు. అది నాకు లోటుగానే ఉంది.

ఆ గదిని ఉంచండి, బాగు చేయండి అనే మాటకు ఆ ప్రశ్నలో చోటే లేదు. ఏది నొక్కాలో తెలియక ఫోను పట్టుకుని నిలబడి ఉండగా, నా రెండో చెయ్యి దానంతటదే పైకి లేచింది. హాలు అవతలి కొసన మా ఆయన టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చున్నాడు, బాయి చప్పుళ్లకు ఆయన చెవులు ఎప్పుడో మందగించాయి, పిలిచినా వినబడదు. ఎందుకో తల తిప్పి నన్ను చూశాడు. ఏంది అని అడగలేదు, తనూ చెయ్యెత్తాడు.

ఫోనులో ఓపెన్ జిమ్ముకు ఓట్లు పెరుగుతూనే ఉన్నాయి. మేమిద్దరం మాత్రం ఆ చేతులు కాసేపు దించలేదు.