బొట్టు పెట్టినంత సేపు

పోయిన నెల ఎయిడ్స్ సర్వే కోసం తెనాలి నుంచి దుత్తలూరు వెళ్లాను. ఒక పెద్ద రైతు ఇంట్లో ఆయన భార్యను, "మీ ఆయనకి బయట సంబంధాలున్నాయా?" అని అడిగాను.

"లేవని రాసుకో" అన్నాడు ఆయన, మీసం మెలేస్తూ. "అది లారీ డ్రైవర్ల రోగం. మాది మర్యాదస్తుల కొంప!"

ఆ మీసం చూసి రోగమే భయపడి ఊరి పొలిమేరలో ఆగిపోయి ఉంటుంది.

నేను లేవగానే, ఆడపిల్లను బొట్టు పెట్టకుండా పంపకూడదంటూ ఆమె నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది. కుంకుమ అద్దుతూ చెవిలో అడిగింది: "పాపా, మర్యాదస్తుల ఆడోళ్లకి ఆ రక్తపరీక్ష యాడ చేస్తారు?"

"నెల్లూరు పెద్దాసుపత్రిలో, అక్కా."

"ఏందే, ఇంత సేపు?" బయటి నుంచి ఆయన కేక.

"బొట్టు సరిగ్గా రాలా! మళ్లీ పెడతా ఉండాను" అని అరిచి, గొంతు తగ్గించింది. "మొగుడు ఎంట రాకపోయినా చేస్తారా?"