సొంత కోరికపై

ఆమె కుట్టేవి పరదాలు. ఊళ్ళో హోటళ్ళకీ, ఆసుపత్రులకీ, పెద్ద ఆఫీసులకీ కావలసిన పరదాలన్నీ సైకిళ్ళ షాపు మీదున్న ఆమె రెండు గదుల్లోనే తయారయ్యేవి. కొలిచేదీ కత్తిరించేదీ కుట్టేదీ ఆమే. నిలువెత్తు గుడ్డను నేల మీద పరిచి, అంచులు సరిచూసి, ఎక్కడా ముడత లేకుండా మడిచేది కూడా ఆమే. కింద షాపాయన ఆ కట్టలను ఆటోలో పెట్టించేటప్పుడు, "మీరు మడిచాక ఇస్త్రీ దండగ అమ్మా" అనేవాడు. ఆ మడత ఎక్కడ నేర్చుకుందో ఆయన ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేదే.

వయసులో ఉన్నప్పుడు ఆమె సైన్యంలో పారాచూట్లు మడిచింది. మహిళా దళంలో చేరి, ప్రమాణం చేసి, ఖాకీ బట్టలు తొడుక్కుని, ఎనిమిదేళ్ళపాటు ఒక పొడవాటి హాల్లో, అంతకంటే పొడవాటిగా కనిపించే బల్ల ముందు నిలబడింది. ఒక్కో బల్లకు ఇద్దరు. ఒకరు పారాచూట్ గొడుగు కొస బిగించి పట్టుకుంటే రెండోవారు తాళ్ళు చిక్కు తీసి, గుడ్డను మడత మీద మడతగా సంచిలోకి ఎక్కించాలి. గోరు తగిలినా గుడ్డ పాడవుతుందని వాచీలూ ఉంగరాలూ గుమ్మం దగ్గరే తీయించేవారు. హాల్లో మాటలు నిషిద్ధం. ఆమె బల్లకు అవతలి కొసన నిలబడే అమ్మాయి ఆరడుగులకు వేలెడు తక్కువ. అందరూ ఆ అమ్మాయిని నిచ్చెన అనేవారు. ఈమె పొట్టి గనుక చిట్టి అయింది. మాట్లాడుకోకుండానే ఒకరి చేతులకు ఒకరు ఎంత అలవాటు పడ్డారంటే, నిచ్చెనకు జలుబు చేసి తుమ్ము వస్తుందని చిట్టికి ముందే తెలిసిపోయేది.

ఆ తర్వాత చిట్టి పెళ్ళి చేసుకుంది. వరుడు సైన్యంలోనే లారీ డ్రైవరు. పెళ్ళయిన ఆడది దళంలో ఉండకూడదని అప్పటి రూలు. పై అధికారి ఒక కాగితం ముందుకు తోసి, "సొంత కోరికపై వెళ్తున్నానని రాయమ్మా, అందరూ అదే రాస్తారు" అంది. చిట్టి అదే రాసింది.

డ్రైవరు మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు, ఇంట్లో ఉండేవాడు కాదు. సైన్యం వదిలాక కూడా దూరాలకు లారీ తోలాడు. వచ్చినప్పుడు నిద్రపోయేవాడు, లేచి వెళ్ళిపోయేవాడు. పిల్లలు కలగలేదు. ఒక వానాకాలం లారీ బోల్తాపడి పోయాడు. అతను పూర్తి సర్వీసు చేసినవాడు గనుక భార్యగా ఆమెకు సైనిక కుటుంబాల దవాఖానాలో కార్డు వచ్చింది. ఆ కార్డుతోనే ఇన్నేళ్ళూ బీపీ బిళ్ళలు తెచ్చుకుంది. డాక్టరు తప్ప ఆమెతో అక్కడ మాట్లాడేవారు లేరు. బెంచీ మీద మగవాళ్ళు తమ యూనిట్ల కబుర్లు చెప్పుకుంటూంటే, సందు దొరికితే తన హాలు సంగతి చెబుదామని చూసేది. సందు దొరికేది కాదు.

మాజీ సైనికులంటే ఎవరన్న నిర్వచనం మార్చారనీ, పాత మహిళా దళం వాళ్ళకూ ఇక ఆ గుర్తింపు ఉంటుందనీ ఒకరోజు దవాఖానా గోడ మీద నోటీసు కనబడింది. రెండుసార్లు చదువుకుని నేరుగా సంక్షేమ కార్యాలయానికి వెళ్ళింది.

అక్కడి గుమాస్తా కుర్రతనం పోని మనిషి, ఓపికున్నవాడు. "కూర్చోండమ్మా. యూనిఫారం వేసుకున్నారు, జీతం సైన్యమే ఇచ్చింది, ప్రమాణం చేశారు. అంతవరకూ బాగానే ఉంది. ఎలా బయటికొచ్చారన్నదే చిక్కు. గడువు పూర్తయి రావాలి, లేదా ఒంట్లో బాగాలేదని వాళ్ళే పంపాలి, లేదా దళమే ఎత్తేయాలి. మీది సొంత కోరికపై అని ఉంది. సొంత కోరిక మీద మధ్యలో వచ్చేసినవాళ్ళు లెక్కలోకి రారు."

"పెళ్ళయితే ఉండనిచ్చేవారు కాదు బాబూ. వాళ్ళే అలా రాయమన్నారు."

"అలాంటి రూలుందని తేలితే కమిటీ ఒప్పుకుంటుంది. మీతో పనిచేసి, పూర్తి సర్వీసుతో గుర్తింపు పొందినవాళ్ళు ఎవరైనా వచ్చి చెప్పాలి." మెల్లగా అడిగాడు. "ఏమీ అనుకోకండి. మీవారి కార్డు ఉండనే ఉంది కదా. మందులు అవే, రాయితీలు అవే. ఇంత తిరుగుడు ఎందుకమ్మా?"

"అది ఆయనది," అంది ఆమె.

నిచ్చెన చిరునామా గుమాస్తాయే వెతికి ఇచ్చాడు. నిచ్చెన పెళ్ళి చేసుకోలేదు. గడువంతా పనిచేసి, బస్సులో సగం రోజు దూరమున్న ఊళ్ళో ఒక గది తీసుకుని ఉంటోంది. చిట్టి ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. మొదటి ఏడాది రాయకపోవడానికి కొత్త కాపురం అడ్డమొచ్చింది, ఆ తర్వాత సిగ్గు అడ్డమొచ్చింది.

తలుపు తీసిన మనిషి వంగిపోయి ఉంది. అయినా చిట్టి తలెత్తే చూడాల్సి వచ్చింది.

"నువ్వటే," అంది నిచ్చెన. లోపలికి రమ్మని మాటతో అనలేదు, పక్కకు జరిగింది. స్టూలు మీదున్న గిన్నె తీసి కూర్చోమంది. చిట్టి వచ్చిన పని చెప్పేవరకూ వింటూ కూర్చుంది.

"రూలు ఉండేది. నిజమే. వచ్చి చెప్తాను." తర్వాత గోడవైపు చూస్తూ అంది. "ఆ రూలు తీసేస్తున్నారని అప్పటికే అనుకుంటున్నారు. ఆగవే అని నీకు ఎన్నిసార్లు చెప్పాను? నువ్వు వెళ్ళాక ఏడాది తిరక్కుండానే తీసేశారు. పెళ్ళయినవాళ్ళు కూడా ఉండిపోయారు."

"తెలుసు. తర్వాత తెలిసింది."

"నీ చోటికి రోజుకొకత్తెను పంపేవారు. ఎవరితోనూ చెయ్యి కలవలేదు నాకు. చివరికి నన్ను మడిచిన సంచుల బరువు చూసే తూకాల గదిలో వేశారు. ఆ గదిలో ఒక్కదాన్నే ఉండాలి." గొంతు పెంచలేదు, బజారు సంగతి చెప్పినట్టే చెప్పింది. "వెళ్ళిన రోజున నీ మొహం చూశాలే. బడి వదిలిన పిల్లలా ఉన్నావు. ఒక్కసారైనా వెనక్కి తిరుగుతావేమోనని గేటు దాకా చూశాను."

చిట్టికి కాదనడానికి లేదు. ఆ రోజు ఆమె నిజంగానే గాల్లో తేలుతూ వెళ్ళింది. హాలు గానీ బల్ల అవతలున్న మనిషి గానీ గుర్తుకే రాలేదు.

"అది కూడా చెప్పేస్తావా అక్కడ?"

"అడిగినదానికే జవాబు చెప్తాను. రూలుందా అని అడుగుతారు. సంతోషంగా వెళ్ళిందా అని చట్టం అడగదు."

అన్నట్టుగానే వచ్చింది. కమిటీలో ముగ్గురున్నారు. నడిమి పెద్దాయన అడిగాడు, "పెళ్ళి చేసుకుని ఈమె పనిలో కొనసాగే వీలుండేదా?"

"ఆ రోజున లేదండీ," అంది నిచ్చెన.

"మీరేమైనా చెప్పుకోవాలా?" అని ఆయన ఈమెవైపు తిరిగాడు. చిట్టి లేచి నిలబడింది. నేను నవ్వుకుంటూనే వెళ్ళానండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఏమవుతుందో తెలియదు, చెప్పకపోతే అబద్ధమూ కాదు. నిచ్చెన తన చేతుల్ని చూసుకుంటోంది.

"లేదండీ," అని కూర్చుంది.

బయటికొచ్చాక టీ తాగుదామంది చిట్టి. బస్సు తప్పిపోతుందని నిచ్చెన వెళ్ళిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చిట్టి మాత్రం బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది.

కొన్నాళ్ళకు ఒప్పుకున్నారు. బలవంతపు రూలు కింద రాసిన కోరిక సొంత కోరిక కాదని తీర్పు. గుమాస్తా కొత్త కార్డు చేతికిచ్చి, "ఒకరికి రెండు కార్డులు ఉండకూడదమ్మా, పాతది ఇచ్చేయాలి" అన్నాడు. పాతదాని మీద డ్రైవరు ఫోటో ఉంది. ఇంట్లో ఇంకో ఫోటో లేదు. కత్తిరించి ఇమ్మంటే గుమాస్తా ఇచ్చేవాడే. ఆమె ఒక్క క్షణం ఆ మొహం చూసి, బల్ల మీద పెట్టేసింది. కొత్తదాని మీద ఉన్నది ఆమె ఒక్కతే.

ఇంటికొచ్చాక ఎవరికి చెప్పాలా అని చాలాసేపు ఆలోచించింది. షాపాయన ఊళ్ళో లేడు. చివరికి నిచ్చెనకే ఫోను చేసింది.

"వచ్చిందే."

"మంచిది. గవర్నమెంటు లెక్కలో ఇద్దరం ఒకటే ఇక." అటువైపు ఎక్కడో కుళాయి కారుతోంది. "ఇంకేంటి?"

"ఇంకేం లేదు. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఉన్నాయి."

ఆ తర్వాత నెలకోసారి ఈమే ఫోను చేసేది. ఎక్కువగా మందులూ, నీళ్ళూ, అద్దె ఇంటివాళ్ళ సంగతులే. ఒకసారి ఇక్కడికొచ్చి నాలుగు రోజులుండమంది. చూద్దాంలే అంది నిచ్చెన. ఆ మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.