వేమూరు దాటాక వినిపించిన పిలుపు

రేపల్లె నుంచి మా ఆడపడుచు, తన పాత ఫోనులో మా ఆయన గొంతు దొరికిందని కబురు చేసింది. ఆయన పోయి రెండేళ్లు. ఆ గొంతు ఎలా ఉండేదో నాకు చెరిగిపోతోంది. మర్నాడే బయలుదేరాను.

బాపట్లలో ఎనిమిదింటి బండి ఎక్కి తొమ్మిదికి తెనాలిలో దిగాను. రేపల్లె బండి పదకొండున్నరకన్నారు. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. చట్నీ ఒకటే కారం. మీరు వెళితే ఎడమవైపు కిటికీ పట్టుకోండి, ఎండ తగలదు.

రేపల్లె బండెక్కి, చెప్పులు విప్పి సీటు కింద దాచుకున్నాను. ఎదుటి సీటులో ఒక తెనాలి ఆవిడ తన కూతురితో, "పల్లెటూరి బైతులింతేనే! రైలెక్కినా గుడికొచ్చినట్టే" అంది.

ఆ మాట గుచ్చుకుంది. అదే మాట మా ఆయన నోట చల్లగా ఉండేది. ఆయనది తెనాలి, నాది కొల్లూరు దగ్గర ఏటి నడుమ లంక. పెళ్లయిన నాటి నుంచీ నన్ను బైతూ అనే పిలిచాడు. పేరు పెట్టి పిలిచాడంటే కోపమొచ్చిందన్నమాట.

వేమూరులో వాళ్లు దిగిపోయారు. పెట్టెలో నేనొక్కదాన్నే. మిట్టమధ్యాహ్నం. పొలాల నడుమ బండి ఎందుకో ఆగింది.

"బైతూ!"

కిటికీ అవతల నుంచి. ఆయన గొంతే.

మా లంకలో మిట్టమధ్యాహ్నం ఎవరైనా బయటి నుంచి పిలిస్తే మూడోసారికి గానీ పలకం. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు. మనిషి కానిది రెండుతో ఆగిపోతుందంటారు. నోరు బిగపట్టాను.

"బైతూ!"

బండి కదిలింది. మూడోది రాలేదు.

రేపల్లెలో ఆడపడుచు ఫోను పెట్టి వినిపించింది. వంటింట్లో గిన్నెల చప్పుడు. "బైతూ!" కాసేపాగి, "బైతూ!" తర్వాత ఆయన నవ్వు. "చూశావా అక్కా, మూడుసార్లు పిలిస్తేగానీ పలకదు." అంతే, అయిపోయింది.

"మళ్లీ పిలిచాడా వదినా? నేను పలికానా?"

"నాకేం గుర్తే? ఎండన పడి వచ్చావు, కాస్త మజ్జిగ తాగు."

మర్నాడు మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చాను. పెట్టె కిటకిటలాడుతోంది. ఆ పొలాల దగ్గర బండి ఆగలేదు, ఎవరూ పిలవలేదు. అయినా ఊచలు పట్టుకుని, "ఆఁ, ఇక్కడే ఉన్నా" అని గట్టిగా పలికాను.

పక్కన కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "ఎవరు పిలిచారమ్మా?"

"మా ఆయనండి."

పెద్దాయన బయటికి చూసి, నా బోసి మెడ వంక చూసి, చప్పున లేచి అవతలికి వెళ్లిపోయాడు. జనం నిలబడే ఉన్నారు గానీ, తెనాలి దాకా ఆ చోటులో ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చోనివ్వలేదు.