చివరి బండి టైలరక్క

ఆ మోటార్ సైకిల్ క్లబ్బు పుట్టింది టైలరక్క కొట్టు ముందు. నాలుగు పాత బండ్లు, లోపల కుట్టుమిషను చప్పుడు, అంతే. ఇప్పుడు మేడ మీద ఆఫీసు, గోడ నిండా ఫోటోలు, పైన ‘మా చరిత్ర’ అని పెద్ద పెద్ద అక్షరాలు. ఆ గోడ మీద అక్క మొహం ఎక్కడా లేదు.

ఎందుకు లేదంటారా? మొదటిసారి ఊరు దాటిన రోజున ఆమె తమ్ముడు మలుపులో జారి కాలవలో పడ్డాడు. ముందు పోతున్న వీరులకు టీ తాగడానికి ఆగేదాకా ఆ సంగతే తెలియలేదు. వెనక్కి వెళ్లి వాణ్ని బయటికి లాగింది అక్కే. ఆ రోజే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక బండి అందరికంటే చివర నడవాలి, ఎవరినీ దాటకూడదు, ఆగినవాడి దగ్గర ఆగాలి. మిగతావాళ్లు వెనక్కి చూడనక్కర్లేదు. ఆ చివరి బండి అక్కది. ఇన్నేళ్లూ అందరి దుమ్మూ మింగుతూ ఆమె చేరేసరికి వాళ్లు ఫోటో దిగేసి తిండి మీద పడేవాళ్లు. అక్క కోసం ఒక్కనాడూ ఆగిన పాపాన పోలేదు.

పైగా ఆ గోడ కట్టించింది ఎవరనుకున్నారు? ఇప్పుడు ప్రెసిడెంటై కూర్చున్న ఆ తమ్ముడే! అడిగితే, ఫోటో లేకుండా ఎలా పెడతామంటూ నవ్వేశాడు. గోడ నడిమధ్య మాత్రం వార్షికోత్సవ ప్రయాణంలో దిగబోయే ఫోటోకని చోటు వదిలాడు. ఆ ప్రయాణానికి అక్కను ముందే వెళ్లే భోజనాల వ్యాన్‌లో కూర్చోమన్నాడు, వయసైందట. కాలవలోంచి తనను లాగిన చేతులకు వయసైందట! అక్కకు ఒళ్లు మండిపోయింది. ఈసారి వెనక చివరి బండి ఉండదని మిగతావాళ్లకు చెప్పడానికి మాత్రం వాడికి నోరు రాలేదు.

అక్క వ్యాన్ ఎక్కలేదు. అందరూ వెళ్లాక తన బండి తీసింది.

కొండ మలుపులో ప్రెసిడెంటుగారు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. బండి చైను తెగిపోయింది.

“ఒక్కడూ ఆగలేదక్కా. నేను చెయ్యూపితే వాళ్లూ చెయ్యూపి పోయారు.”

“ఎందుకాగుతార్రా? వెనక నేనున్నాననుకున్నారు.”

అక్క ఆ బండికి తాళం వేయించి, వాణ్ని తన వెనక ఎక్కించుకుంది. దారంతా వాడు ఏదో నచ్చజెబుతూనే ఉన్నాడు. వీళ్లు చేరేసరికి అందరూ ఫోటో దిగేసి భోజనాల దగ్గరున్నారు.

గోడ నడిమధ్య ఇప్పుడా వార్షికోత్సవం ఫోటో ఉంది. అందులో ప్రెసిడెంటు లేడు.