ఈరప్ప చెవి

చింతామణిలో టొమాటో టెంపోలు నడిపేవాళ్లకు ఒక అలవాటుంది. బండి నల్లపొగ కక్కినా, ఎత్తు ఎక్కలేక మూలిగినా ముందు ఈరప్ప చెవికి వినిపించాలి. మార్కెట్ గేటు ఎదురుగా ఉన్న ఆయన రేకుల షెడ్డు ముందు బండి ఆపి, ఇంజను ఆర్పకుండా పక్కకు జరిగి నిలబడాలి. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి అదిమిపెట్టి కళ్లు మూసుకుంటాడు. కళ్లు తెరిచాక ఏది చెబితే అదే తీర్పు.

జంగమకోటెలో పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టి, ఇంజన్ల పిచ్చితో చింతామణి చేరినవాడు ఈరప్ప. అది ముప్ఫై ఏళ్ల కిందటి మాట. కార్బన్ తీయడంలో ఆయనకు సాటి లేరు. ఇంజను పైమూత అయిన హెడ్ విప్పి, వాల్వులను కిరోసిన్‌లో నానబెట్టి, పిస్టన్ల మీద గట్టిపడ్డ నల్లటి పెచ్చును రాగిరేకు ముక్కతో ఓపిగ్గా గీకేవాడు. గీత పడుతుందని ఇనుము తగలనిచ్చేవాడు కాదు. అంత పనితనం ఉన్నవాడికి పొగరు ఉండకుండా ఉంటుందా? ఉండేది, బోలెడంత. చిక్కబళ్లాపురంలో గ్యారేజీ పెట్టిన నందీశ్ బాగుచేసిన బండి ఏదైనా వస్తే, వాడికి కళ్లే గాని చెవులు లేవని నలుగురిలో వెక్కిరించేవాడు.

నిజానికి చెవులు పోయింది ఈరప్పకే. రెండేళ్ల కిందట ముందు ఎడమది, తర్వాత కుడిది. ఎవరికీ చెప్పలేదు. చెబితే షెడ్డు ముందు ఒక్క బండి ఆగదు, అంతకాలం సంపాదించిన పేరు ఒక్కపూటలో గంగలో కలుస్తుంది. అందుకని ఎదుటివాళ్ల పెదవులు చూసి మాటలు పట్టుకుంటూ గుడ్డిగా నెట్టుకొచ్చాడు. మార్కెట్‌లో ఇంజను ఆర్పకుండా గంటలకొద్దీ నిలబడే టెంపోలకు కార్బన్ పట్టకుండా ఎలా ఉంటుంది? స్క్రూడ్రైవర్ పెట్టి, కళ్లు మూసి, కార్బన్ అనేవాడు. విప్పితే ఉండేది. అదృష్టం ఆయన్ని అలా రెండేళ్లు మోసింది.

ఈ వేసవిలో ఒక పొద్దున రూపేష్ తన టెంపో తెచ్చి ఆపాడు. వాడు నందీశ్‌కు చిన్నాన్న కొడుకు. వెంట ఆరేడుగురు డ్రైవర్లు. బండి లాగడం లేదని సైగ చేసి చూపించాడు. ఈరప్ప ఎప్పటిలాగే పిడిని చెవికి పెట్టుకున్నాడు. చేతికి అదురు తెలిసింది, అంతే.

"కార్బన్ గట్టిగా పట్టుకోనుండాది. హెడ్ ఇప్పాల" అన్నాడు.

విప్పమని తలూపాడు రూపేష్. ఆ డ్రైవర్లలో ఒక్కడూ కదల్లేదు. మధ్యాహ్నానికి హెడ్ లేచింది. దాని కింద అతుక్కుని ఉండే గాస్కెట్ చిరగకుండా కొత్త కాగితంలా చేతికి వచ్చినప్పుడే, ఎవరో ఈమధ్యే విప్పి బిగించారని ఈరప్పకు తెలిసిపోయింది. వేలితో పిస్టన్ తుడిచాడు. పలచటి మసి పోయి తెల్లగా మెరిసింది. మొన్ననే నందీశ్ శుభ్రంగా గీకి బిగించిన ఇంజను అది. అయినా ఈరప్ప కార్బనే అంటాడని వీళ్లంతా పందెం కాసుకుని వచ్చారు.

రూపేష్ జేబులోంచి చిన్న డబ్బీ తీసి ఆ పిస్టన్ మీదనే పెట్టాడు. అందులో ఉన్నది చెవి మిషన్. ఈరప్ప పెదవులు చదువుకునేలా నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"రుక్మిణక్క తెమ్మనిందన్నా. బెంగళూరుకు పోతాండావు కదా, ఎవురికీ తెలీకుండా తెచ్చియ్యప్పా అని ఏడ్చింది."

రుక్మిణమ్మ ఈరప్ప భార్య. మొగుడు దాచిన సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసు. ఆయన పరువు కాపాడబోయి, పోయి పోయి ఆ గుట్టు వీడి చేతిలో పెట్టింది. పాపం, మనిషిని ఎంచుకోవడం రాలేదు.

ఈరప్ప డబ్బీ తెరిచి మిషన్ చెవికి పెట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఆయనకు మొదట వినబడింది వాళ్ల నవ్వు. కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఆయన తల వంచుకుని హెడ్ మళ్లీ బిగించాడు. ఒక్కో బోల్టుకూ వెనకాల ఒక జోకు పడుతూనే ఉంది. ఎంత నీచమైన మనుషులో! సాయంత్రం దాకా ఎవరూ ఇంటికి పోలేదు.

పని ముగిశాక రూపేష్ తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ఈరప్ప వంగి, స్క్రూడ్రైవర్‌ను ఈసారి కిందిభాగానికి ఆనించి విన్నాడు. టక్ టక్ మని లోపల చిన్న సుత్తి కొట్టినట్టు చప్పుడు. బేరింగ్ అరిగిపోయింది. నందీశ్ పైన గీకాడే తప్ప కింద చూసుకోలేదు. హైదరాబాదుకు లోడు సిద్ధంగా ఉంది. ఆ బరువుతో బాగేపల్లి దాటకముందే పిస్టన్‌ను పట్టి ఉంచే రాడ్ విరిగి ఇంజను చీల్చుకుని బయటపడుతుంది. అలాంటి బండిని, చెవులు పనిచేసినంత కాలం, ఈరప్ప శత్రువుకైనా చెప్పకుండా పంపింది లేదు.

"ఇప్పుడెట్లుండాదన్నా?" అన్నాడు రూపేష్, ఇంకా నవ్వాపుకోలేక.

ఈరప్ప స్క్రూడ్రైవర్‌ను గుడ్డతో తుడుచుకుని లేచాడు.

"బాగుండాదప్పా. లోడు ఎత్తుకోని పో."

టెంపో మార్కెట్ గేటులోకి మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు.