అడుగు పొర నుంచి

ఆదివారం పొద్దున అయిదుంబావు రైలు వేయంగొడలో కదిలిన రెండో నిమిషానికే కుముదుని నిద్రలోకి జారిపోయేది. సీటు దొరికితే కిటికీకి తల ఆనించి నిద్రపోయేది. దొరకని రోజున నిలబడే, పైకడ్డీ పట్టుకున్న చేతికి చెంప ఆనించుకుని కునికేది. కొలంబో ఫోర్ట్ రాగానే ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చేది. అక్కడ దిగి, సముద్రం వారనే పోయే ఇంకో రైలెక్కి, బంబలపిటియలో దిగి, నాలుగంతస్తుల మెట్లెక్కితే ఆమె క్లాసు.

వారంలో ఆరు రోజులు బట్టల ఫ్యాక్టరీ, ఏడో రోజు చదువు. నలభై మూడేళ్ళ వయసులో ఆ ఏడాదంతా కుముదునికి సెలవనేదే లేకుండా పోయింది.

ఆమె చదువు లేని మనిషేం కాదు. ఇరవై ఏళ్ళ కిందట కురునాగలలో రెండేళ్ళ కంప్యూటర్ డిప్లొమా చేసింది. ఇంకో ఏడాది చదివి డిగ్రీ పూర్తి చేద్దామనుకునేలోగా తండ్రి మంచాన పడ్డాడు. తర్వాత పెళ్ళయింది, కూతురు ఒవిని పుట్టింది. ఆ డిప్లొమాతోనే ఫ్యాక్టరీలో చేరింది. గుడ్డ కత్తిరించే విభాగంలో ఏ తాను ఎన్ని పొరలుగా పరిచారో, ఏ ముక్క ఏ కట్టలోకి వెళ్ళిందో అప్పట్లో కట్టింగ్ మాస్టారు నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పని మొత్తానికీ కుముదుని ఒక్కతే కూర్చుని ప్రోగ్రాము రాసింది. దాన్ని ఎలా వాడాలో వివరిస్తూ తనకొచ్చిన ఇంగ్లీషులో నలభై పేజీల పుస్తకమూ తయారు చేసింది. పదమూడేళ్ళుగా ఫ్యాక్టరీ దాని మీదే నడుస్తోంది.

అయినా కంప్యూటర్ విభాగానికి అధిపతి పదవి ఖాళీ అయినప్పుడు అది చతురంగకి వెళ్ళింది. ఒకప్పుడు ఆ చతురంగ కాలేజీ నుంచి వచ్చి ఆరు నెలలు ఆమె పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నాడు. డిగ్రీ పుచ్చుకుని, వేరే చోట కొన్నాళ్ళు చేసి, చివరికి ఆమెకే పైవాడై తిరిగి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. పదిమందిలో ఆమెను 'మిస్' అనేవాడు, ఇద్దరే ఉంటే 'అక్కా' అనేవాడు. కుముదుని మాత్రం ఎక్కడైనా 'సార్' అనే అనేది.

"మీ పనికి వంక పెట్టేవాళ్ళెవరూ లేరు మిస్," అంది ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ. "మీ దగ్గర కాగితమే లేదు. అంతే."

ఆ 'అంతే' అన్న మాట కుముదునికి చాలా రోజులు చెవిలోంచి పోలేదు. చివరికి బంబలపిటియలో ఒక కాలేజీకి వెళ్ళి అడిగింది. పాత డిప్లొమా, పని అనుభవం కలిపి రెండేళ్ళ చదువుగా లెక్కవేస్తామనీ, పైన ఒక్క ఏడాది టాప్ అప్ చేస్తే కంప్యూటర్ సైన్స్ డిగ్రీ వస్తుందనీ, ఇంగ్లండు విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుందనీ చెప్పారు.

ఇంట్లో ఈ మాట చెబితే భర్త లయనల్ నవ్వాడు. అతను ఊళ్ళో పోస్ట్‌మాన్. రోజంతా సైకిల్ తొక్కి వచ్చి పాలు లేని టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"టాప్ అప్ అంటే ఫోన్‌లో వేయించుకుంటామే, అలాంటిదా? నెల తిరిగేసరికి అయిపోతుందేమో చూసుకో."

"నాకూ ఈ ఏడాదే పెద్ద పరీక్షలమ్మా," అంది ఒవిని. "ఇద్దరం చదువుకుంటూ కూర్చుంటే వంటెవరు చేస్తారు?"

"మీ నాన్న."

లయనల్ నవ్వడం మానేశాడు. కానీ చేశాడు. ఏడాది పొడుగునా ఆదివారం వస్తే అన్నం, పప్పు, ఎండుచేప, కొబ్బరి సంబోలు పచ్చడి. మరో కూర అతనికి రాదు, నేర్చుకుంటానని కూడా అనలేదు.

క్లాసులో అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళవాళ్ళు. మొదటి వారమే ఆమెను ఆంటీ అని పిలవడం మొదలుపెట్టారు. గ్రూపు పని ఇచ్చినప్పుడు, "ఆంటీ, మీరు టైపింగ్ చూసుకోండి, కోడింగ్ మేం చూసుకుంటాం," అన్నారు. మూడో వారానికి వాళ్ళ ప్రోగ్రాము ఎక్కడో తెగిపోయి ఎవరికీ అంతు చిక్కకపోతే, ఆవిడే పావుగంటలో తప్పు పట్టుకుంది. అప్పటినుంచి టైపింగ్ మాట ఎత్తలేదు. అయినా ఆంటీ అనడం మానలేదు. మధ్యాహ్నం పాఠాల్లో ఆమె కళ్ళు వాటంతటవే మూతపడేవి. పాఠం చెప్పే నిలూఫర్ మిస్ ఒకసారి బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. కుముదుని ఉలిక్కిపడి లేచింది.

"కూర్చోండి," అంది నిలూఫర్ మిస్ మెల్లగా. "స్లైడ్లు పంపిస్తాను. మొహం కడుక్కుని రండి, ముందు."

చివరి ప్రాజెక్టుకి కుముదుని వేరే ఆలోచన పెట్టుకోలేదు. పాతబడిన తన ప్రోగ్రామునే కొత్తగా కట్టింది. భోజన విరామంలో రాసింది, పౌర్ణమికిచ్చే పోయ సెలవుల్లో రాసింది, రైల్లో మెలకువగా ఉన్న నాలుగు నిమిషాల్లోనూ రాసింది. ఎనభై పేజీల రిపోర్టు తయారైంది. మూడో అధ్యాయం, పాత పద్ధతి ఎలా పనిచేస్తుందో వివరించేది. దానికి తన పాత పుస్తకం తీసి అందులోంచి పేజీలకు పేజీలు దించేసుకుంది. తను రాసిందే కదా అనుకుంది. మళ్ళీ కొత్తగా రాసే ఓపిక ఆమెకు మిగల్లేదు.

రిపోర్టు ఇచ్చిన పదో రోజున నిలూఫర్ మిస్ ఫోను చేసి, ఆదివారం క్లాసుకి ముందు తన గదికి రమ్మంది.

గదిలో కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి పెట్టింది. పేజీల నిండా ఎర్రగీతలు.

"కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ ఇది. మీ మూడో అధ్యాయం దాదాపు మొత్తం ఇంకో విద్యార్థి రిపోర్టుతో కలుస్తోంది. ఏడేళ్ళ కిందట ఇచ్చింది. పేరు నాకు కనబడదు. ఎక్కడిది కుముదునీ ఇది?"

"నాదే మిస్. పదమూడేళ్ళ కిందట నేను రాసిన పుస్తకం."

"మరి అతని రిపోర్టులోకి ఎలా వెళ్ళింది?"

కుముదుని తెర మీదికి వంగి చదివింది. ఇంగ్లీషులో పొరను లేయర్ అంటారని ఆమెకు తెలుసు. కానీ ఆ రోజుల్లో అక్షరాలు తప్పు పెట్టి పుస్తకమంతా లాయర్ అని రాసింది. ఫ్యాక్టరీలో ఎవరూ దాన్ని దిద్దలేదు, ఈసారి దించుకున్నప్పుడు తనూ చూసుకోలేదు. ఇప్పుడు తెర మీద, ఆ ఎవరో విద్యార్థి రిపోర్టులోనూ, 'మూడో లాయరు మీద నాలుగో లాయరును ముడతలు లేకుండా పరచవలెను' అని ఉంది. 'అన్ని లాయర్లనూ బిగించి కత్తిరించవలెను' అని ఉంది.

నిలూఫర్ మిస్ కూడా చదివింది. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయారు. నవ్వు అయిపోయాక కుముదుని కుర్చీలో కూర్చుంది. ఏడేళ్ళ కిందట ఆమె పక్క కుర్చీలో కూర్చుని ఆ పుస్తకం చదివిన విద్యార్థి ఒక్కడే, చతురంగ.

"విచారణ జరుగుతుంది," అంది నిలూఫర్ మిస్. "మూడు వారాల్లో. అది మీదేనని మీ ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం తెచ్చుకోండి. మీ విభాగాధిపతి సంతకం చాలు."

సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక, కుముదుని చతురంగ గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. ఎర్రగీతల కాగితాలు అతని ముందు పెట్టింది. అతను మొదటి పేజీ చూశాడు, రెండో పేజీ తిప్పలేదు.

"తమ్ముడూ," అంది. అతను పైవాడయ్యాక ఆ మాట అనడం అదే మొదటిసారి. "సంగతి నాకు తెలుసు. నేను తగువుకి రాలేదు. నాకు ఉత్తరం కావాలి, అంతే."

"అక్కా, అది కంపెనీ పుస్తకం అనుకున్నా. మీ పేరు దాని మీద లేదు కదా."

"నా పక్కనే కూర్చుని, లాయరంటే ఏంటక్కా అని అడిగావు. పొర నాయనా, తప్పు రాశాను అన్నాను. మర్చిపోయావా?"

చతురంగ మొహం కిందికి దించుకున్నాడు. "అప్పటికి గడువు నాలుగు రోజులే ఉందక్కా. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే... ఇప్పుడు ఆ ఉత్తరం మీద నేను సంతకం పెడితే, రేపు వాళ్ళు ఆ రెండో రిపోర్టు ఎవరిదని లాగితే?"

"లాగరని నేను చెప్పలేను."

"రెండు రోజులు టైమివ్వండి అక్కా."

రెండు రోజులన్నది రెండు వారాలైంది. ఎదురుపడితే అతను ఫోన్ చూసుకుంటూ పోయేవాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగడానికి కూడా ఒంట్లో కొంత ఓపిక ఉండాలి కదా. ఇంట్లో లయనల్ మండిపడ్డాడు.

"పెద్ద మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పు. నువ్వు వెళ్ళకపోతే నేనొస్తా."

"వచ్చి ఏం చేస్తావు? ఉత్తరాలు పంచుతావా?" అంది కుముదుని. ఒవిని పక్కున నవ్వింది. లయనల్ మూతి ముడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆమెకే జాలేసి, వెళ్ళి అతని పక్కన అరుగు మీద కూర్చుంది. "నాకు ఎవరితోనూ పోట్లాడే ఓపిక లేదు," అంది. "ఆ గదిలోకి వెళ్ళి నాకు తెలిసింది చెబుతాను. నమ్మితే నమ్ముతారు."

విచారణకి ఉత్తరం లేకుండానే వెళ్ళింది. బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న వీరకోన్ సార్ తెల్లజుట్టు మనిషి, గొంతు కరుకు.

"పుస్తకం నాదే అంటున్నారు. రుజువేదీ?"

"కాగితం తేలేకపోయాను సార్. ప్రోగ్రాము గురించి ఏదైనా అడగండి."

ఆయన రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పొరల అంకెలు తలకిందులుగా దాచాలని రెండింట్లోనూ ఉంది. ఎందుకు?"

కుముదుని బల్ల మీది కాగితాల దొంతర దగ్గరికి లాక్కుంది. "గుడ్డ పరిచేటప్పుడు మొదటి పొర అడుగుకి పోతుంది సార్. ఇదిగో, ఇది. దీని మీద రెండోది, మూడోది. కత్తిరించాక స్టిక్కర్ అంటించే అమ్మాయి ఎక్కడ మొదలుపెడుతుంది? పైనుంచి. ఆమెకి ఒకటి అంటే పైది, మాకు ఒకటి అంటే అడుగుది. 2010లో ఇది ఎవరమూ గమనించలేదు. తానుకీ తానుకీ రంగులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. వేర్వేరు పొరల ముక్కలు కలిసిపోయి, తొమ్మిది వందల నీలం చొక్కాలు ఒంటికొక నీలం, చేతులకొక నీలంతో తయారయ్యాయి. కొన్నవాళ్ళు అన్నీ తిప్పి పంపారు. కట్టింగ్ మాస్టారు ఆ చొక్కాల ముందు కూర్చుని ఏడ్చాడు సార్, నా కళ్ళముందే. అందుకే ప్రోగ్రాము అడుగు పొర నుంచి లెక్కపెట్టి, స్టిక్కరు అచ్చేసేటప్పుడు తిప్పి ఇస్తుంది. పుస్తకంలో ఆ కారణం రాయలేదు. మా ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు కదా అని."

వీరకోన్ సార్ రెండో రిపోర్టు తిరగేశాడు. "ఇందులో కారణం రాశారు. సమాచారం దొంగల చేతిలో పడకుండా భద్రత కోసం, అని."

"చొక్కా చేతిని ఎవరు దొంగిలిస్తారు సార్?" అంది కుముదుని.

చివర కూర్చున్నావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీరకోన్ సార్ నవ్వలేదు, కానీ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఈ రెండో రిపోర్టు ఎవరిదో మీకు తెలుసా?"

"తెలుసు సార్. అది మీ దస్త్రాల్లోనూ ఉండే ఉంటుంది. నేను నా రిపోర్టు సంగతి చెప్పడానికి వచ్చాను."

ఆయన ఇంక అడగలేదు. తీర్పు అదే రోజు చెప్పారు. దొంగతనం కాదు. కానీ సొంత రాతనైనా మళ్ళీ వాడుకుంటే ఆ మాట చెప్పి వాడుకోవాలి, అది ఆమె తప్పు. మూడో అధ్యాయం నెలలోగా కొత్తగా రాయాలి, దానికి పాసు మార్కుకి మించి ఇవ్వరు. మళ్ళీ రాయాలన్న మాట వినగానే కుముదునికి అక్కడే బల్ల మీద తల పెట్టుకుని పడుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దునే చతురంగ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో కవరు.

"ఉత్తరం అక్కా. అంతా రాశాను. నేను ఏం చేశానో కూడా."

కుముదుని తీసి చదివింది. నిజంగానే అంతా రాశాడు, కింద సంతకం పెట్టాడు. ఆమె మడిచి అతనికే ఇచ్చేసింది.

"నిన్ననే అయిపోయింది. నాకిక అక్కర్లేదు."

"ఉంచుకోండి అక్కా. మీకు ఎలా అనిపిస్తే అలా చెయ్యండి."

"వద్దు తమ్ముడూ." ఆమె గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "ఫ్యాక్టరీ, చదువు, ఇల్లు మోస్తున్నాను. నీ తప్పేం చెయ్యాలో కూడా నేనే ఆలోచించాలా? ఇవ్వాలనుకుంటే నువ్వే వెళ్ళి ఇవ్వు."

అతను కవరు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇచ్చాడో లేదో ఆమె అడగలేదు. రెండు నెలల తర్వాత రాజీనామా చేశాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. ఆఖరి రోజు వచ్చి ఆమె పాదాలకు మొక్కబోతే, "లే, లే, అందరూ చూస్తున్నారు," అని చేయి పట్టుకుని లేపింది. అతను మెట్లు దిగిపోయాక ఎందుకో కళ్ళు తడయ్యాయి. పని నేర్పిన ఆ ఆరు నెలలు వాడు బుద్ధిమంతుడే.

కుముదునికి సెకండ్ క్లాసు వచ్చింది, అందులోనూ కింది మెట్టుది. ఆ ఒక్క అధ్యాయం లేకపోతే ఇంకా పైన ఉండేదని నిలూఫర్ మిస్ బాధపడింది. ఒవిని పరీక్షలు కూడా గట్టెక్కాయి. చతురంగ కుర్చీ ఖాళీగానే ఉంది, ఆ పనంతా కుముదునే చూస్తోంది. కాగితం తెచ్చి చూపించాక, పదవి ఖాయం చేస్తామని ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ మాటిచ్చింది.

పట్టా ప్రదానం కొలంబోలో ఓ పెద్ద హాల్లో జరిగింది. నల్లగౌను ఆమెకు భుజాల దగ్గర వదులు, కొత్త చెప్పులు మడమ కొరికాయి. వేదిక మీద ఆమె పేరు పలికిన ఇంగ్లండు దొర దాన్ని ఎన్ని వంకర్లు తిప్పాడో, లయనల్ ఎవరినో పిలుస్తున్నారనుకుని చప్పట్లు కొట్టడం మర్చిపోయాడు. క్లాసు పిల్లలు మాత్రం వెనక వరసలోంచి "ఆంటీ!" అని కేకలు పెట్టారు.

బయటికొచ్చాక ఒవిని ఆమె టోపీ సర్ది, ఫోటో తియ్యబోతూ అడిగింది.

"అమ్మా, సంతోషంగా ఉందా?"

"ఉందే," అంది కుముదుని, చెప్పులు విడిచి మెట్టు మీద చతికిలబడుతూ. "ముందు కాసేపు కూర్చోనీ."