నా గుండెకు ముప్పై ఐదు మార్కులు

ఆ రోజు కౌడిపల్లి హైస్కూల్లో ఎనిమిదో తరగతికి శాతాలు చెప్తున్నాను. "శాతం అనగానే, అది దేనిలో శాతమో, ఎంతతో పోల్చాలో ముందు అడగాలె" అంటూ బోర్డు మీద రాస్తున్నవాణ్ని సగంలో ఆగిపోయాను. ఊపిరి అందలేదు. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి దించి కుర్చీలో కూలబడ్డాను. నాకేదో కోపం వచ్చిందనుకుని పిల్లలు కిక్కురుమనలేదు.

నిజానికి అప్పటికి నెల రోజులుగా మెదక్ బస్టాండు నుంచి ఇంటికి నడిచేటప్పుడు రెండు చోట్ల ఆగుతున్నాను. పడుకుంటే దగ్గు. ఒక దిండు సరిపోయేది, రెండయ్యాయి, తర్వాత మూడు. "వయసు" అని నేను, "దవాఖానకు పోదాం" అని నా భార్య సుగుణ. క్లాసులో కూలబడ్డ సంగతి తోటి టీచరు ఫోన్ చేసి చెప్పేసరికి ఆమె మాటే నెగ్గింది.

మెదక్‌లో ఎక్స్‌రే తీసి, "హార్ట్ ఎన్‌లార్జ్ అయింది సార్, హైదరాబాద్ పోండ్రి, లేటు చెయ్యకుండ్రి" అన్నారు. హైదరాబాద్‌లో ఈసీజీ, రక్తపరీక్షలు, టూడీ ఎకో అయ్యాక కార్డియాలజిస్టు ముందు కూర్చున్నాం. బయట బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఆయన రిపోర్టు చూస్తూ గబగబా చెప్పాడు. "ఎజెక్షన్ ఫ్రాక్షన్ థర్టీ ఫైవ్ పర్సెంట్. సాల్ట్ బాగా తగ్గించాలి, నీళ్లు లీటరున్నర దాటొద్దు, టాబ్లెట్స్ ఒక్క పూట కూడా మానొద్దు."

నాకు వినబడింది ఒక్కటే, థర్టీ ఫైవ్. మా లెక్కలో ముప్పై ఐదంటే పాస్. ముప్పై ఏళ్లుగా పేపర్లు దిద్దిన చెయ్యి ఇది. ముప్పై ఐదు కనబడితే చాలు, పిల్లవాడు గట్టెక్కాడని ఆ పేపరు పక్కన పెట్టేస్తుంది.

"ఏమన్నడు డాక్టరు?" వరండాలోకి రాగానే సుగుణ అడిగింది.

"పాసైన. ముప్పై ఐదు వచ్చినయ్."

"మంచిగున్నోళ్లకు ఎన్ని వస్తయంట?"

"అరె, నూటికి ముప్పై ఐదు అంటున్న కదా. ఇగ లెక్కలు నువ్వు నేర్పుతవా నాకు?" అని నవ్వాను.

సుగుణకు ఏడో తరగతి లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చి చదువు ఆగిపోయింది. ఆ ముప్పై ఒకటి మీద పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన వేళాకోళం నేను అప్పటికీ మానలేదు. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నే నేను క్లాసులో పిల్లలకు చెప్తున్న ప్రశ్న. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరి పాసైన మనిషికి పథ్యం ఎందుకు? స్టాఫ్ రూములో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. అన్నంలో మామిడికాయ తొక్కు మళ్లీ మొదలైంది. ఒంట్లో నీరు తీసే ల్యాసిక్స్ వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలుకు పోవాలి, బస్సులో కౌడిపల్లి దాకా ఎట్లా కూర్చునేది? అందుకని బడి ఉన్న రోజుల్లో ఆ మాత్ర మానేశాను. సుగుణకు చెప్పలేదు.

నెల తిరగకముందే కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. ఒక పొద్దున చాయ్ గ్లాసు అందుకోబోతే ఊపిరి ఆడలేదు, మాట రాలేదు, ఒకటే ఆయాసం. అంబులెన్సులో హైదరాబాద్, అక్కడ ఐదు రోజులు ఐసీయూ. వార్డుకు మార్చాక డాక్టరు వచ్చి మాత్రల సంగతి ఆరా తీశాడు. నేను పాసు సంగతి చెప్పాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సార్, ఇది ఎగ్జామ్ కాదు. గుండె ముడుచుకున్నప్పుడల్లా తనలో ఉన్న రక్తంలో ఎంత భాగం బయటికి పంపుతుందో, ఆ పర్సెంటేజ్ ఇది. హండ్రెడ్ ఎవ్వరికీ రాదు. నార్మల్ అంటే ఫిఫ్టీ ఫైవ్, ఆ పైన. మీది మూడో వంతే పంపుతోంది."

ఆయన వెళ్లిపోయాక సుగుణ మంచం పక్కకు వచ్చింది.

"ముప్పై ఐదు వచ్చిన పోరగాన్ని మీరు ఎన్నడన్న శభాష్ అన్నరా?"

"లేదు."

"మరి మీ గుండెను ఎందుకు మెచ్చుకున్నరు? నాకు నాలుగు మార్కులు తక్కువైనయని ముప్పై ఏండ్ల సంది నవ్వుతున్నరు. ఆ ముప్పై ఐదు ఎంత సన్నటి అంచో నాకెర్క. మీకేమన్న అయితే నేనేం కావాలె?" అని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వార్డులో ఎవరు చూస్తున్నారని కూడా అనిపించలేదు.

డిశ్చార్జి రోజు ఒక సిస్టర్ వచ్చింది. కేరళ అమ్మాయి, తెలుగు రాదు. "డైలీ వెయిట్, సార్. మార్నింగ్, బిఫోర్ టిఫిన్. కాల్ మీ" అని నంబరు రాసిచ్చింది. ఇంటికొచ్చాక నాలుగు రోజులు నేనే ఫోన్ చేసి, "ఆల్ నార్మల్, సిస్టర్" అని దర్జాగా ఇంగ్లీషులో చెప్పాను. ఐదో రోజు ఆమె ఓపిక అయిపోయింది. "సార్, నార్మల్ ఈజ్ నాట్ ఎ నంబర్. గివ్ ఫోన్ టు మేడమ్."

సుగుణ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషంతా కొలతల టేపు మీదిదే. థర్టీ ఫోర్, థర్టీ సిక్స్ అండ్ హాఫ్, అంతవరకే. బరువు మిషన్ మీద యాభై తొమ్మిది, చుక్క పెట్టి నాలుగు అని ఉంటే, "ఫిఫ్టీ నైన్ అండ్ హాఫ్‌కు జర తక్కువ, సిస్టర్" అంది. అవతల సిస్టర్ పకపకా నవ్వి, "పాయింట్ ఫోర్, అమ్మా, పాయింట్ ఫోర్" అని చెప్పింది.

ఆ సాయంత్రం ఈ పాయింట్ల సంగతేమిటని నన్ను అడిగింది. మొదటిసారి నవ్వకుండా చెప్పాను. ఇంగ్లీషులో పాయింటు తర్వాత అంకెలు విడివిడిగా చదవాలని, కిడ్నీల రిపోర్టులో క్రియాటినిన్ ఒకటి, చుక్క, రెండు, ఐదు అని ఉంటే వన్ పాయింట్ టూ ఫైవ్ అనాలని, ట్వంటీ ఫైవ్ అనొద్దని చెప్పాను. ఎందుకని అడుగుతుందేమో, ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. తనే అంది.

"మంచిగనే పెట్టిన్రు. పాయింట్ ఇరవై ఐదు అంటే పాయింట్ మూడు కన్న పెద్దగ వినొస్తది. విడిగ చెప్తే మోసం ఉండది."

అబ్బ, ఎంత తేటగా చెప్పింది! ఏటా పిల్లలు సరిగ్గా అక్కడే తప్పు చేస్తారు, నేను ఏటా ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను. ఎందుకు తప్పు చేస్తున్నారో ఒక్క నాడూ ఆలోచించలేదు.

మర్నాటి నుంచి ఆమె ఇంకో పని మొదలుపెట్టింది. టేపు తెచ్చి నా కుడి కాలి చీలమండకు చుట్టి కొలిచేది. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే, చివరి పేజీల్లో తేదీ, బరువు, చీలమండ. ఎవరూ చెప్పలేదు. "వాపు కంటికి కనవడే వరకు లేటయితది, టేపుకు ముందే తెలుస్తది" అంది. సిస్టర్ ఆ మాట డాక్టరుకు చెప్తే ఆయన, "ఈ ఐడియా మనమే మిగతా పేషెంట్లకు చెప్పాలి" అన్నాడట.

రాష్ట్రం కోసం కొట్లాట జోరుగా నడుస్తున్న రోజులవి. బళ్లు మూతబడ్డాయి, బస్సులు డిపో దాటలేదు, రోడ్ల మీదనే వంటావార్పు. నేను కూడా పొద్దున్నే, బరువు చూసుకోకుండానే, పోయి టెంటులో కూర్చున్నాను. మూడు రోజులు అందరితో పాటు రోడ్డు మీద వండిన పులిహోర, పప్పుచారు తిన్నాను. ఉప్పు సంగతి గుర్తుంది, కానీ అంతమందిలో నాకొక్కడికి వేరే డబ్బా తెచ్చుకోవడం నామోషీ అనిపించింది.

నాలుగో పొద్దున బరువు చూసి సుగుణ మొహం మారింది. "నాకేం కాలె, మంచిగనే ఉన్న" అన్నాను. ఆమె నన్ను పట్టించుకోకుండా ఫోన్ కలిపింది.

"సిస్టర్, టుడే వెయిట్ సిక్స్టీ వన్ పాయింట్ సిక్స్. త్రీ డేస్ బ్యాక్ ఫిఫ్టీ నైన్ పాయింట్ ఫోర్. టూ పాయింట్ టూ మోర్. యాంకిల్ నైన్ అండ్ క్వార్టర్ ఉండె, టుడే టెన్. సాల్ట్ తిన్నడు సిస్టర్, త్రీ డేస్."

ఒక్క అంకె తడబడలేదు. డాక్టరు లైన్లోకి వచ్చి ఆయాసం గురించి అడిగాడు. ల్యాసిక్స్ రెండు రోజులు ఎంత పెంచాలో చెప్పి, కూర్చున్నా ఆయాసం వస్తే వెంటనే మెదక్ దవాఖానకు పొమ్మన్నాడు. మూడో రోజుకు బరువు ఫిఫ్టీ నైన్ పాయింట్ సిక్స్‌కు దిగింది. తర్వాత కలిసినప్పుడు డాక్టరు, "ఇంకో రెండు రోజులాగితే మళ్లీ ఐసీయూనే సార్. ఆ బందులో మీరు ఇక్కడిదాకా చేరేవారు కాదు" అన్నాడు.

ఇప్పుడు రిటైరయ్యాను. దిండు ఒకటే. బస్టాండు నుంచి ఇంటికి ఆగకుండా నడుస్తున్నాను. మొన్నటి ఎకోలో ఫార్టీ ఎయిట్ పర్సెంట్ వచ్చింది. నేను నోరు తెరిచేలోపే సుగుణ, "నార్మల్‌కు ఇంక ఏడు తక్కువ కదా సార్?" అంది. డాక్టరు నవ్వి, "మొదటిసారి కన్నా పదమూడు ఎక్కువమ్మా. ఆ పదమూడులో సగం మీవే" అన్నాడు. సుగుణ మొహం చూడాలి అప్పుడు. ఏడో తరగతి నుంచి బాకీ ఉన్న మార్కులు వచ్చినట్టుంది.

ఇది చదువుతున్నవారికి ఒక్కటే చెప్తాను. డాక్టరు నోట అంకె వినగానే మురిసిపోకండి, బెదిరిపోకండి. అది దేనిలోనో, ఎంత ఉండాలో అడిగి, ఇంటికొచ్చి రాసుకోండి. ముప్పై ఏళ్లు ఆ మాట పిల్లలకు చెప్పిన లెక్కల సార్ తన గుండె దగ్గర అడగడం మరిచాడు. లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చిన మనిషి అడిగింది, అందుకే నేనింకా ఉన్నాను.